ముష్టియోధులు పుట్టే ఊళ్లు

కోటి జనం గల క్యూబాకు బాక్సింగ్‌లో నలభైకి పైగా ఒలింపిక్ స్వర్ణాలు. మనకు మూడు కాంస్యాలు. కారణం వెదుకుతూ పోతే దారి హర్యానాలోని ఒక చిన్న పట్టణానికి చేరుతుంది.

2018 ఏప్రిల్ 14. ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్ నగరంలో కామన్వెల్త్ క్రీడల బాక్సింగ్ తుది పోటీలు జరుగుతున్నాయి. 52 కిలోల తరగతిలో ఉత్తర ఐర్లండ్‌కు చెందిన బ్రెండన్ ఇర్విన్‌ను ఇరవై ఒక్కేళ్ల భారతీయ యువకుడు ఓడించి స్వర్ణపతకం అందుకున్నాడు. అతని పేరు గౌరవ్ సోలంకీ. ఊరు ఢిల్లీకి దక్షిణాన, ఫరీదాబాద్ నగరంలో కలిసిపోయిన పాత కోటపట్టణం బల్లభ్‌గఢ్. 1857 తిరుగుబాటులో పాల్గొన్నందుకు ఆంగ్లేయులు ఉరితీసిన రాజా నాహర్ సింగ్ ఏలిన ఊరు అదే. అవే క్రీడలలో 56 కిలోల తరగతిలో కాంస్యం గెలిచిన మరొక భారతీయుడు మహమ్మద్ హుసాముద్దీన్. అతనిది మన నిజామాబాద్.

ఒకరిది ఉత్తరాది పారిశ్రామిక నగరం, మరొకరిది పసుపు వ్యాపారానికి పేరుపడ్డ తెలంగాణ పట్టణం. ఇద్దరి భాషలు వేరు, తిండి వేరు. ఈ రెండు ఊళ్లనూ ఒకే పోటీకి చేర్చినది ఏమిటి? ఆ ప్రశ్నకు జవాబు దొరికితే, కొన్ని దేశాలు బాక్సింగ్‌లో ఎందుకు వెలుగుతాయో, కొన్ని ఎందుకు వెనుకబడతాయో కూడా చాలావరకు తెలుస్తుంది.

ముందు ఫరీదాబాద్ సంగతే చూద్దాం. జహంగీరు చక్రవర్తి ఖజానాదారు షేక్ ఫరీద్ 1607లో నెలకొల్పిన ఊరు అది అంటారు. దేశవిభజన తరువాత వాయవ్య సరిహద్దు రాష్ట్రం నుంచి కట్టుబట్టలతో వచ్చిన శరణార్థుల కోసం దాని పక్కనే కొత్త పట్టణం కట్టారు. ఆ పట్టణం చుట్టూ ట్రాక్టర్లు, పాదరక్షలు, యంత్రభాగాలు చేసే కర్మాగారాలు వెలిశాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఫరీదాబాద్‌లో 14 లక్షల మంది ఉన్నారు. హర్యానాలో అంతకు మించిన నగరం నాడు లేదు. అక్కడికి సుమారు నూటయాభై కిలోమీటర్ల దూరంలో, ఇసుకనేలల అంచున భివానీ ఉన్నది. అదే లెక్కలలో దాని జనసంఖ్య రెండు లక్షలకు కొంచెం తక్కువ. చెప్పుకోదగ్గ సంపద లేదు. ఢిల్లీ పొరుగు అనే సౌకర్యమూ లేదు. అయినా బాక్సింగ్ అనగానే దేశం తలచుకునేది భివానీనే. అక్కడివారు దానిని 'చిన్న క్యూబా' అని పిలుచుకుంటారు. పద్నాలుగు లక్షల నగరం నుంచి ఒక సోలంకీ వచ్చినట్లు అప్పుడప్పుడు ఒకడు వస్తాడు. రెండు లక్షల పట్టణం నుంచి వరుసలు వరుసలుగా వస్తారు. జనం ఎక్కువైతే వీరులు ఎక్కువవుతారనే లెక్క ఒకే రాష్ట్రంలో తప్పిపోతున్నది; ఇక దేశాల మధ్య నిలుస్తుందా?

దేశాల లెక్క ఇంకా విచిత్రం. 2024 పారిస్ ఒలింపిక్స్ ముగిసేనాటికి క్యూబా బాక్సింగ్‌లో 42 స్వర్ణాలు గెలిచినది. అదే పారిస్‌లో పురుషుల విభాగంలో ఉన్న 7 స్వర్ణాలలో 5 ఉజ్బెకిస్తాన్ ఎగరేసుకుపోయినది. నూటనలభై కోట్ల భారతదేశానికి ఇంతవరకు దక్కినవి మూడు కాంస్యాలు: 2008లో విజేందర్ సింగ్, 2012లో మేరీ కోమ్, 2021లో జరిగిన టోక్యో పోటీలలో లవ్లీనా బోర్గోహాయ్ తెచ్చినవి.

దీనికి లోకం సామాన్యంగా చెప్పే కారణాలు కొన్ని ఉన్నాయి. శరీరదార్ఢ్యం లేదంటారు. కాని బాక్సింగ్ బరువు చూసి జోడీ కట్టే ఆట. బాస్కెట్‌బాల్‌లో ఆరున్నర అడుగుల మనిషి పక్కన పొట్టివాడు నిలవలేడు గాని, 52 కిలోల బాక్సర్‌కు ఎదురుపడేది మరో 52 కిలోల బాక్సరే. అటువంటి కుర్రవాళ్లు మన దేశంలో ప్రతి వీధిలోనూ ఉన్నారు. పాలు, నెయ్యి తినే హర్యానా జాట్‌ల రక్తంలోనే పోరాటం ఉన్నదని మరికొందరి మాట. కొన్ని కులాలకు, జాతులకు 'యోధజాతులు' అని పేరుపెట్టి సైన్యంలో చేర్చుకున్న ఆంగ్లేయుల పాత సిద్ధాంతానికి ఇది మనవడు. పాలు తాగే అలవాటు అంతగా లేని మణిపురి ఇళ్లలో నుంచి 1998 ఆసియా క్రీడల స్వర్ణవిజేత డింకో సింగ్, ఆ తరువాత మేరీ కోమ్ ఎట్లా వచ్చారో ఆ సిద్ధాంతం చెప్పలేదు.

ఆకలి సంగతి కొంచెం నిలిచి ఆలోచించవలసినది. సుఖంగా ఉన్న ఇంటి పిల్లవాడు ముఖం మీద దెబ్బలు తినడానికి సాధారణంగా రాడు. ఆ మాట నిజమే. అమెరికాలో వైన్‌బర్గ్, ఆరండ్ అనే సమాజశాస్త్రజ్ఞులు 1952లో ప్రకటించిన పరిశీలన ఈ విషయంలో ఇప్పటికీ చదవదగినది. వృత్తి బాక్సర్లలో ఏ జాతివారు ఎక్కువమంది ఉన్నారో వారు ఏళ్లవారీగా లెక్కవేశారు. 1909లోను, 1916లోను ఐరిష్‌వారిదే పైచేయి. 1928 నాటికి యూదులు ముందుకు వచ్చారు. 1936లో ఇటాలియన్లు, 1948లో నల్లవారు. నగరపు పేదవాడకు ఎవరు కొత్తగా వచ్చి చేరితే బరిలోకి వారే దిగారు. కొంచెం స్థితి కుదిరి వాడ మారగానే బరి కూడా విడిచారు. రక్తం మారలేదు, అద్దె ఇల్లు మారినది.

కాని పేదరికం ఒక్కటే చాలినట్లయితే ప్రపంచంలోని అతిబీద దేశాలన్నీ బాక్సింగ్ రాజ్యాలు కావలసినది. ఆ ఇద్దరు పండితులు మరొక సంగతి గమనించారు. పేదవాడలో పిల్లవాడు బాక్సర్ కావాలని ఎందుకు అనుకుంటాడు? పక్కవీధిలో ఒక బాక్సర్ ఉన్నాడు గనుక. అతడు వేసుకున్న చొక్కా, అతనికి అందే నమస్కారం రోజూ కంటబడతాయి గనుక. 1954లో లూయీవిల్ నగరంలో పన్నెండేళ్ల పిల్లవాడి సైకిలు దొంగలెత్తుకుపోయారు. దొంగను చితకబాదుతానని ఏడుస్తూ వచ్చిన ఆ పిల్లవాడికి ఫిర్యాదు వినే పోలీసు దొరికినది ఒక భవనపు నేలమాళిగలో. ఆ పోలీసు, జో మార్టిన్, అక్కడ పిల్లలకు బాక్సింగ్ నేర్పుతున్నాడు. ముందు దెబ్బలాడటం నేర్చుకొమ్మన్నాడు. ఆ పిల్లవాడే మహమ్మద్ అలీ. ఆ సైకిలు మరో వీధిలో పోయి ఉంటే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు?

అదే అలీ 1980 జనవరిలో ఢిల్లీకి వచ్చి మన సైనికుడు కౌర్ సింగ్‌తో ప్రదర్శన పోటీ ఆడాడు. కౌర్ సింగ్ 1982 ఆసియా క్రీడల స్వర్ణవిజేత అయ్యాడు. ఫరీదాబాద్ నుంచి ఢిల్లీ కూతవేటు దూరం. కాని ఒక సాయంకాలపు వినోదం బాక్సర్లను పుట్టించదు. మరునాడు ఉదయం ఐదు గంటలకు తలుపు తెరిచే శిక్షణశాల, అందులో ఎదురు నిలిచే సమానుడు ఉండాలి. ఈ రెండవది చాలామంది మరచిపోయే సంగతి. ఒంటరిగా పరుగెత్తి పరుగుపందెం నేర్చుకోవచ్చు. గోడకు బంతి కొట్టి టెన్నిస్ కొంత నేర్చుకోవచ్చు. ఇసుకసంచీని పదేళ్లు గుద్దినా బాక్సింగ్ రాదు, ఎందుకంటే సంచీ తిరిగి కొట్టదు. ఇంచుమించు తనంత బరువు, తనంత నేర్పు, తనకంటె కొంచెం ఎక్కువ పొగరు ఉన్న పదిమందితో వారం వారం తలపడాలి. ఆ పదిమంది ఒకే ఊరిలో ఉండాలి. అందుకే బాక్సర్లు గుంపులుగా పుడతారు.

క్యూబా చేసినది ఆ గుంపును దేశవ్యాప్తం చేయడమే. విప్లవానంతరం 1962లో అక్కడ వృత్తి క్రీడలను నిషేధించారు. డబ్బు పందేల బాక్సింగ్ పోయినది. దాని స్థానంలో ప్రభుత్వ క్రీడాపాఠశాలలు వచ్చాయి. జిల్లాలో మెరిసిన పిల్లవాడు రాష్ట్ర పాఠశాలకు, అక్కడి నుంచి పై మెట్టుకు, చివరకు హవానా శివార్లలోని జాతీయ శిబిరానికి చేరతాడు. తిండి, చదువు, వైద్యం ప్రభుత్వానివే. సోవియట్ శిక్షకులు వచ్చి తమ శాస్త్రం చెప్పారు. ఆల్సిడెస్ సగార్రా అనే క్యూబన్ గురువు దానిని తన ద్వీపపు నాట్యపు అడుగులకు కలిపి కొత్త బాణీ తయారుచేశాడు. ఫలితం 1972 మ్యూనిక్‌లో కనిపించినది. క్యూబాకు ఒకేసారి మూడు స్వర్ణాలు. వాటిలో ఒకటి టియోఫిలో స్టీవెన్‌సన్‌ది. అతడు 1976లో, 1980లో కూడా గెలిచి, అలీతో తలపడితే లక్షల డాలర్లు ఇస్తామన్నా పోలేదు. మరొకటి ఎమీలియో కొర్రేయాది. ఈ రెండవ పేరు పాఠకులు గుర్తుంచుకోవాలి.

వజ్రాల వంటి మనుషులను తయారుచేసి బయటికి పోకుండా తలుపు మూసిన దేశానికి తిప్పలు తప్పలేదు. 2004 ఒలింపిక్ విజేతలలో ముగ్గురు దేశం విడిచిపోయారు. 2008 బీజింగ్‌లో క్యూబాకు ఎనిమిది పతకాలు వచ్చాయి గాని ఒక్కటీ స్వర్ణం కాదు. చివరకు 2022లో క్యూబా తన బాక్సర్లను వృత్తి పోటీలకు అనుమతించినది. విజేతకు రేపటి బతుకు చూపకపోతే ఎంత గొప్ప ఏర్పాటైనా చిల్లుపడుతుందని దాని అర్థం.

భివానీ కథ సైన్యంతో మొదలవుతుంది. ఆ జిల్లాలోని ఉమర్‌వాస్ గ్రామంలో పుట్టిన హవా సింగ్ 1956లో సైన్యంలో చేరి అక్కడే గ్లౌజులు తొడిగాడు. 1966లోను, 1970లోను బ్యాంకాక్ ఆసియా క్రీడలలో హెవీవెయిట్ స్వర్ణం ఆయనదే. పదవీ విరమణ చేసి పట్నంలో పెద్ద బంగళా కట్టుకోలేదు. భివానీకి తిరిగివచ్చి కుర్రవాళ్లకు నేర్పడం మొదలుపెట్టాడు. 2000 ఆగస్టులో, ద్రోణాచార్య పురస్కారం అందుకోవలసిన కొన్నాళ్ల ముందు, ఆయన కన్నుమూశాడు. అప్పటికి ఊరికి ఒక అలవాటు అయిపోయినది. జగదీశ్ సింగ్ అనే శిక్షకుడు భివానీ బాక్సింగ్ క్లబ్బు నెలకొల్పి ఆ అలవాటును కార్ఖానాగా మార్చాడు. జాతీయ జట్టుకు క్యూబా నుంచి బ్లాస్ ఇగ్లేసియాస్ ఫెర్నాండెస్ 1990లో వచ్చి ఏళ్ల తరబడి నిలిచాడు. 2012లో ద్రోణాచార్య అందుకున్న తొలి విదేశీయుడు ఆయనే.

2008లో బీజింగ్‌కు వెళ్లిన ఐదుగురు భారత బాక్సర్లలో నలుగురు భివానీవారు. అఖిల్ కుమార్, జితేందర్ కుమార్, విజేందర్ సింగ్ ముగ్గురూ క్వార్టర్ ఫైనల్ చేరారు. రెండు లక్షల ఊరు ప్రపంచపు చివరి ఎనిమిది మందిలో మూడు చోట్ల కూర్చున్నది! విజేందర్ సెమీఫైనల్‌కు చేరి కాంస్యం ఖాయం చేసుకున్నాడు. అక్కడ అతనిని ఆపినవాడి పేరు ఎమీలియో కొర్రేయా. 1972 మ్యూనిక్ విజేతకు కన్నకొడుకు. చిన్న క్యూబా తొలి తరం పెద్ద క్యూబా రెండవ తరం చేతిలో ఓడిపోయినది.

విజేందర్ తండ్రి హర్యానా రోడ్డు రవాణా సంస్థలో బస్సు డ్రైవరు. అన్నకు బాక్సింగ్ పుణ్యమా అని సైన్యంలో ఉద్యోగం దొరికినది. తమ్ముడు గ్లౌజులు తొడగడానికి ఆ ఉద్యోగమే కారణం. ఒలింపిక్ స్వర్ణం అప్పటికి ఎవరి కలలోనూ లేదు. హర్యానా రహస్యం చాలావరకు ఇక్కడే ఉన్నది. సైన్యం, రైల్వే, పోలీసు శాఖలలో క్రీడాకారుల కోటా ఉన్నది. రాష్ట్ర పతకం తెచ్చినవాడికి కనీసం ఒక చిన్న ఉద్యోగం ఆశ. జాతీయ పతకానికి ఇంకొంచెం మేలైనది. విజేందర్, అఖిల్ రాష్ట్ర పోలీసులో డీఎస్పీలయ్యారు. ఒలింపిక్ స్వర్ణానికి 6 కోట్లు, రజతానికి 4 కోట్లు, కాంస్యానికి రెండున్నర కోట్లు హర్యానా ప్రభుత్వం కట్టిన ధర. కోట్లు వార్తలకెక్కుతాయి. ఊళ్లో తండ్రిని ఒప్పించేది మాత్రం పక్కింటివాడి కొడుక్కు వచ్చిన రైల్వే నియామకపత్రం.

ఫరీదాబాద్‌కు, భివానీకి తేడా కూడా బహుశా ఇదే. కర్మాగారాల నగరంలో పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి బతుకుతెరువు అనేకం: ఐటీఐ చదువు, యంత్రశాల, దుకాణం, మెట్రో ఎక్కితే ఢిల్లీ. వర్షాధారపు పొలాల నడుమ ఉన్న భివానీ కుర్రవాడికి వర్దీ వేసుకోవడమే పైకి పోయే దారి. ఆ వర్దీకి అడ్డదారి బరిలో నుంచి ఉన్నది. మన తెలుగునాట కూడా బలవంతులకు కొదవ లేదు. కోడి రామమూర్తి నాయుడు పేరు విననివారు ఉండరు. విజయనగరంలో ఆయన వ్యాయామశాల, ఊరూరా తాలింఖానాలు, జమీందార్ల పోషణ ఒకప్పుడు ఉండేవి. జమీందార్లు పోయాక ఆ పోషణను ఎవరూ అందుకోలేదు. హర్యానాలో అఖాడాలకు ఆ స్థానంలో సైన్యం వచ్చి నిలిచినది.

ఇంత చెప్పి ఈ ఆట ఖరీదు చెప్పకపోవడం న్యాయం కాదు. తలకు తగిలే దెబ్బలు మెదడును క్రమంగా చెరుపుతాయని అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ 1928లోనే రాశాడు. తడబడే నడక, మొద్దుబారే మాట అప్పటికే వృత్తి బాక్సర్లలో కనిపించేవి. ఒక ఊరు పదిమంది విజేతలను ఇవ్వాలంటే కొన్ని వందలమంది పిల్లలు చదువు వెనుకబెట్టి దెబ్బలు తినాలి. వారిలో ఎక్కువమందికి పతకమూ రాదు, ఉద్యోగమూ రాదు. బాక్సింగ్‌లో గొప్పదేశం కావాలనుకునేవారు ఆ మిగిలినవారి లెక్క కూడా పెట్టుకోవాలి. క్యూబా వారికి కనీసం చదువు చెప్పినది.

గుంపు, గురువు, ఉద్యోగం మూడూ ఉన్నా పైనున్న పెద్దలు చెడగొట్టవచ్చు. 2012 లండన్ ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి ఎనిమిది మంది బాక్సర్లు వెళ్లారు. ఆ ఏడాది డిసెంబరులో ఎన్నికల తగాదాల వల్ల జాతీయ సమాఖ్యను ప్రపంచ సంస్థ సస్పెండ్ చేసినది. కొన్ని పోటీలలో మనవాళ్లు త్రివర్ణ పతాకం లేకుండా బరిలోకి దిగవలసివచ్చినది. 2016లో కొత్త సమాఖ్య ఏర్పడే నాటికి నాలుగేళ్లు గడిచిపోయాయి. ఆ ఏడాది రియోకు వెళ్లినది ముగ్గురే. ముగ్గురూ ఉత్తచేతులతో తిరిగివచ్చారు. భివానీలో రక్తం ఆ నాలుగేళ్లలో పలచబడలేదు కదా!

ఇక నిజామాబాద్. అక్కడ సైనిక సంప్రదాయమూ లేదు, అఖాడాల వరుసా లేదు. ఉన్నది షంషాముద్దీన్ అనే ఒక శిక్షకుడు. తన కొడుకులకు నేర్పాడు. వారిలో ఒకడే గోల్డ్ కోస్ట్‌లో కాంస్యం గెలిచిన హుసాముద్దీన్. క్రీడాకారుడైన తండ్రి జమీల్ అహ్మద్ వేలు పట్టుకుని పరుగుపందేలకు మైదానానికి వచ్చిన ఒక బాలిక, ఆడపిల్లలు బాక్సింగ్ ఎందుకు ఆడరని అడిగినది. ఆమెకూ ఆయనే నేర్పాడు. ఎదురు నిలవడానికి ఆడపిల్లలు లేరు గనుక మగపిల్లలతోనే తలపడనిచ్చారు. నిఖత్ జరీన్ 2011లో జూనియర్ ప్రపంచ విజేత. 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023లో ఢిల్లీలోను ప్రపంచ విజేత. 2024 పారిస్‌లో చైనా క్రీడాకారిణి వూ యూ చేతిలో ఓడిపోయినా, తెలంగాణ ప్రభుత్వం అదే ఏడాది ఆమెకు డీఎస్పీ ఉద్యోగం ఇచ్చినది. హర్యానా తండ్రులు ఏనాడో చూసిన కాగితం తెలుగునాట తండ్రులకు ఇప్పుడిప్పుడే కనిపిస్తున్నది.

కాని ఒక గురువు మీద నిలిచిన ఊరు ఒంటిస్తంభం మేడ. 2025 సెప్టెంబరులో ఇంగ్లాండులోని లివర్‌పూల్‌లో ప్రపంచ పోటీలు జరిగాయి. నిఖత్ క్వార్టర్ ఫైనల్‌లో వెనుదిరిగినది. ఆమె వెనుక నిజామాబాద్ నుంచి మరొకరు లేరు. మన పురుషులకు ఒక్క పతకమూ రాలేదు. మహిళలు నాలుగు తెచ్చారు. జాస్మిన్ లంబోరియా, మీనాక్షి హుడా స్వర్ణాలు. నూపుర్ శ్యోరాన్ రజతం. పూజా రాణి కాంస్యం. నలుగురూ హర్యానావారే. నలుగురిలో ముగ్గురు భివానీవారు.

రజతం గెలిచిన నూపుర్ 80 కిలోలకు పైబడిన తరగతిలో ఆడినది. అది ఒకప్పుడు ఆమె తాత ఆడిన హెవీవెయిట్ వంటిదే. తాత పేరు హవా సింగ్.